ఎర్ర పుస్తకంలో బంగారం

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మా థార్న్‌సీలో సముద్రపు గోడ పక్క రోడ్డు మీద తారు కరిగి పిల్లల చెప్పులకు అంటుకుంది. ముసలాళ్ళు సైతం చొక్కాలు విప్పేసి బెంచీల మీద చతికిలబడ్డారు. అలాంటి జూలై నెలలో మార్లీన్ బ్లెంకిన్ మణికట్టు దాకా చేతులున్న ఉన్ని స్వెట్టర్ వేసుకుని బజారుకొచ్చేది. ఎవరైనా "ఉడికిపోవట్లేదూ?" అంటే, "నాకు చలెక్కువ" అనేది. నుదుటి మీంచి చెమట కారుతూనే ఉండేది. అయినా ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. రెండో ప్రశ్న వెయ్యడం మా ఊళ్ళో మర్యాద కాదు.

మా ఊరి జబ్బొకటి ఇక్కడ చెప్పాలి. ఎలా ఉన్నావని ఎవర్ని అడిగినా మేం "పర్లేదు" అంటాం. కాలు విరిగితే పర్లేదు. ఇంటికప్పు గాలికి లేచిపోతే, పర్లేదు, గోడలున్నాయిగా. మార్లీన్ మొగుడు కెన్ పోయిన రోజున ఆమె చర్చి గుమ్మంలో నిలబడి, చెయ్యి కలిపిన ప్రతివాళ్ళకీ "పర్లేదు, పర్లేదు" అని చెప్పింది. నేనూ ఆ వరసలో నిలబడి చెయ్యి కలిపినవాణ్ణే. ఎంత కష్టమొచ్చినా పంటి బిగువున ఓర్చుకోవడమే పెద్దరికమని మాకు ఉగ్గుపాలతో పోశారు. తగలెయ్య ఆ పెద్దరికాన్ని!

మార్లీన్‌కు అరవై ఒక్కేళ్ళు. పుట్టింది ఇక్కడే, చేపల రేవు వెనక సందులో. పంతొమ్మిదేళ్ళు బడి వంటింట్లో పనిచేసింది. మూడొందల మంది పిల్లలకు వడ్డిస్తూ ఎవరికి బఠానీలు పడవో, ఎవరికి పులుసు అన్నం మీద కాకుండా పక్కన పొయ్యాలో గుర్తుపెట్టుకున్న మనిషి. కెన్ పోయాక ఆ ఉద్యోగం మానేసింది, ఎందుకంటే ఇంట్లో రసెల్‌ను చూసుకోవడానికి ఇంకెవరూ లేరు.

రసెల్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఏడాది పిల్లాడప్పుడు మూర్ఛలు పట్టుకున్నాయి. మనిషి ఎదిగాడు, మనసు మూడేళ్ళ దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు, ఆరడుగుల పైన పొడవు, గుమ్మం దాటాలంటే తల వంచాలి. మెతకవాళ్ళను నోట్లో నాలుక లేనివాడంటాం కదా, రసెల్ విషయంలో అది ఉన్నమాటే. పుట్టాక ఒక్క మాట మాట్లాడలేదు. మంగళవారం చెత్తబండి వస్తే గేటు దగ్గర నిలబడి సైనికుడిలా చెయ్యెత్తుతాడు, బండివాళ్ళు హారన్ కొడతారు. సంతోషమొస్తే అరచెయ్యి తెచ్చి ఎదుటివాళ్ళ చెంప మీద ఆనిస్తాడు. వాడి భాష మొత్తం అంతే.

కెన్ పోయిన ఏడాది మార్లీన్ మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. డాక్టరు కౌన్సిల్‌కు ఉత్తరం రాశాడు. ఇలాంటి బిడ్డను ఒంటిచేత్తో మోసేవాళ్ళకు అప్పుడప్పుడు ఊరట కల్పించడం ఊరి కౌన్సిల్ బాధ్యత అని చట్టంలోనే ఉంది. ఆ లెక్కన నెలకు రెండు రాత్రులు రసెల్ మార్ష్ లేన్‌లో కౌన్సిల్ నడిపే ఇంట్లో ఉండేందుకు ఒప్పుకున్నారు. శుక్రవారం సాయంత్రం దింపి, ఆదివారం మధ్యాహ్నం తెచ్చుకోవాలి. మొదటిసారి ఆమె ఇంటికొచ్చి పధ్నాలుగు గంటలు నిద్రపోయింది. ఆ తర్వాత నుంచి ఆ రెండు రాత్రుల్లో పెద్దగా చేసేదేమీ లేదు. వేడి చేప, బంగాళాదుంప వేపుడు కొనుక్కుని, వేడి చల్లారకముందే చివరి ముక్క దాకా కూర్చుని తినేది. మిగతా ఇరవై ఎనిమిది రోజులూ ఆ రెండు రాత్రుల మీదే బతికేది.

రసెల్‌తో పాటు ఒక ఎర్ర అట్ట పుస్తకం ఇంటికీ మార్ష్ లేన్‌కీ మధ్య తిరిగేది. దింపేటప్పుడు తల్లి ఒక పేజీ రాస్తుంది: ఏం తిన్నాడు, మందులు వేసుకున్నాడా, ఎలా ఉన్నాడు. తీసుకెళ్ళేటప్పుడు వాళ్ళొక పేజీ రాస్తారు. ప్రతి పేజీ చివర ఇటూ అటూ ఒకటే వాక్యం: "రసెల్ బంగారంలా ఉన్నాడు." ఇంగ్లండులో బుద్ధిమంతుడైన ప్రతి పిల్లాడూ బంగారమే.

ఆ మార్చిలో ఒక ఉదయం మార్లీన్ టోస్ట్‌కు జాము రాసి పళ్ళెం ముందుకు జరిపింది. రసెల్ ఒక్క ముక్క కొరికాడు. అంతే, వాడి చెయ్యి లేచి ఆమె చెవి మీద పడింది. ఆమె కుర్చీతో సహా వెనక్కి పడింది. లేచేసరికి రసెల్ మామూలుగా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"పర్లేదు నాన్నా, పర్లేదు," అంది, అలవాటుగా.

నాలుగు రోజులకు మళ్ళీ జరిగింది. ఆ తర్వాత లెక్క తప్పింది. పళ్ళు తోమబోతే ముంజేతిని పట్టుకుని ఎముక నొప్పెట్టేలా నొక్కేవాడు. చల్లటి పళ్ళరసం ఇస్తే గ్లాసు గోడకు వెళ్ళేది. ఆమె పళ్ళు తోమడం మానేసింది. రొట్టె అంచులు కోసి మెత్తటి భాగమే పెట్టడం మొదలుపెట్టింది, వాడికి విసుగు రాకూడదని. ఇంట్లో కూడా బూట్లు విప్పేది కాదు, అవసరమైతే పరిగెత్తాలని. ఎప్పుడూ బల్లకు ఇవతలే, తలుపుకు దగ్గరగా నిలబడేది. మేడమెట్ల మీద వాడి అడుగుల చప్పుడు వినబడితే గుండె దడదడలాడేది. తన కడుపున పుట్టిన బిడ్డంటే తనకే భయం! ఆ మాట మనసులో అనుకోవడానికే సిగ్గుపడి చచ్చేది.

బుధవారాల్లో చర్చి హాల్లో, ఇంట్లో మనుషుల్ని చూసుకునేవాళ్ళు కొందరు కలిసి టీ తాగుతారు. జానిస్ అక్కడ పాతకాపు. పక్షవాతం వచ్చిన మొగుణ్ణి తొమ్మిదేళ్ళుగా చూసుకుంటోంది, నోరు మాత్రం కత్తి. జూలై రెండో బుధవారం ఆమె మార్లీన్ పక్కన కూలబడింది.

"ఏమే, ఆ స్వెట్టర్ విప్పి తగలెయ్యి. నిన్ను చూస్తుంటే నాకు ఉడుకుతోంది."

"నాకు చలే."

"చలా, నీ మొహమా!" అంటూ జానిస్ చనువుగా ఆమె చేతిని లాగి స్వెట్టర్ పైకి తోసింది. తోసి ఆగిపోయింది. ముంజేతి మీద నీలంగా, పసుపుగా మచ్చలు.

"తలుపు తగిలింది," అంది మార్లీన్.

"మీ ఇంట్లో తలుపుకి ఐదు వేళ్ళుంటాయా?"

మార్లీన్ చెయ్యి లాక్కుని స్వెట్టర్ కిందికి దించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మింగేసింది.

జానిస్ గొంతు తగ్గించింది. "రసెలేనా? ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. చచ్చినా చెప్పకు. లిండా కొడుకు గుర్తున్నాడా? ఊరట ఇంట్లో ఎవర్నో కొరికాడని రాసుకున్నారు. మరుసటి నెలకి రాత్రులు కట్. ఆర్నెల్లకి, వాణ్ణి ఇంట్లో ఉంచడం ప్రమాదమని, కొండలవతల ఎక్కడో పెట్టారు. నాలుగ్గంటల ప్రయాణం. ఇప్పుడు లిండా ఆదివారం ఆదివారం ఫోన్ చేసి వాడి ఊపిరి చప్పుడు వింటోంది. మాటలు రావుగా వాడికి!"

"మరి అక్కడ ఎవర్నైనా కొడితే, జానిస్?"

"కొట్టాడా ఇప్పటిదాకా? పుస్తకంలో ఏం రాస్తున్నారు?"

"బంగారంలా ఉన్నాడని."

"ఇంకేం! నీ దగ్గరే వాడికి చనువు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే. నోరు మూసుకుని స్వెట్టర్ వేసుకో."

ఇంటికెళ్తే తలుపు సందులోంచి పడ్డ కౌన్సిల్ ఉత్తరం ఎదురైంది. ఏడాదికోసారి వచ్చి పరిస్థితి చూసి, రాత్రులు కొనసాగించాలా వద్దా అని తేలుస్తారు. ఆ గురువారం పదిగంటలకు గారెత్ మాస్ అనే అధికారి వస్తాడట. ముందే నింపి ఉంచమని ఒక కాగితం జతచేశారు. అందులో ఏడో ప్రశ్న: ఇతరులకు హాని చేసే ప్రవర్తన ఉందా? మూడు గళ్ళు: ఎన్నడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా. మార్లీన్ నీలం కలం పట్టుకుని ఆ మూడు గళ్ళ వంక టీ చల్లారేదాకా చూసింది. చివరికి మొదటి గడిలో గుర్తు పెట్టి, కాగితాన్ని మడిచి, టీ డబ్బా కింద పెట్టింది.

గారెత్ మాస్‌కు ముప్పయ్యేళ్ళుంటాయి. మనిషి మంచివాడే. గుమ్మంలో బూట్లు తుడుచుకుని వచ్చి, లాప్‌టాప్ తెరిచి, రసెల్‌ను పేరు పెట్టి పలకరించాడు. రసెల్ సోఫా మూల కూర్చుని ప్లాస్టిక్ గరిటెతో మోకాలి మీద దరువేస్తున్నాడు. మార్లీన్ నిలబడే ఉంది, వాడికీ గారెత్‌కూ మధ్యలో.

"కూర్చోండి మార్లీన్."

"నిలబడితేనే నా నడుముకి సుఖం బాబూ."

"ఎలా ఉన్నారు, నిజంగా?"

"పర్లేదు."

అతను టైపు చెయ్యకుండా ఆమెను చూశాడు. "చూడండి, ఇదేం దయాధర్మం కాదు. మీకు ఊరట ఇవ్వడం మా బాధ్యత. కానీ ఉన్నది ఉన్నట్టు మీరు చెప్తేనే నేను రాయగలను. నేను వెళ్ళి నా పైవాళ్ళతో వాదించాలంటే నా చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా."

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. అడిగేదెలా మరి, అడిగితే ఉన్న అన్నమూ లాక్కుంటారేమోనన్న భయముంటే? ఆమె నాలుక చివర దాకా వచ్చింది. కొడుతున్నాడు బాబూ, నాకు భయంగా ఉంది. అంతే, ఐదు మాటలు. ఆదివారం ఫోన్ పట్టుకుని ఊపిరి వినే లిండా కళ్ళ ముందు మెదిలింది.

"రసెల్ బంగారం," అంది.

గారెత్ పళ్ళెంలోంచి అల్లం బిస్కెట్ తీసి రసెల్ వైపు చాచాడు. "తీసుకో మిత్రమా." రసెల్ దాన్ని నోటి దగ్గరికి తెచ్చాడు. మార్లీన్ ఒక్క గంతులో వెళ్ళి లాక్కుంది.

"వాడికి గట్టివి పడవు!" గొంతు కీచుగా వచ్చింది. మెత్తటి కేకు ముక్క చేతిలో పెట్టి వెనక్కి జరిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు రెండు చేతులతో స్వెట్టర్ చేతులు కిందికి లాక్కుంది. గారెత్ అది చూశాడు.

"చేతికి ఏమైనా అయిందా?"

"ఏం లేదు. పర్లేదు."

అతనూ ఇంగ్లీషువాడే. రెండో ప్రశ్న వెయ్యలేదు.

వెళ్ళేముందు గుమ్మంలో చెప్పాడు. "మంచి వార్తే అనుకోండి. ఏడో ప్రశ్నకి 'ఎన్నడూ లేదు' అన్నారు కాబట్టి రాత్రులు ఆగవు. మార్ష్ లేన్‌లో ఈ వారం నుంచి మనుషులు తగ్గారు. ప్రమాదం లేనివాళ్ళకి ఒక్కళ్ళే తోడు. రేపు రసెల్‌తో లియాన్ ఉంటుంది, కొత్తమ్మాయి, చాలా మంచిది. కడుపుతో ఉంది కాబట్టి బరువు పనులు చెప్పట్లేదు. మీవాడైతే ఆమెకి సుఖం."

"ఎన్నో నెల?" అంది మార్లీన్.

"ఆరోది అనుకుంటా."

తలుపు మూసి ఆమె దానికి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఆరో నెల! ఒంటరిగా! ముందు నుయ్యి వెనక గొయ్యి. చెప్తే కొడుకు పోతాడు. చెప్పకపోతే ఎవరి బిడ్డో పోవచ్చు. ఆ రోజంతా ఫోన్ వైపు చూస్తూనే ఉంది, తియ్యలేదు. రేపు లియాన్‌ను చూశాక చెప్తాను అనుకుంది. పిరికితనానికి రేపటికంటే దగ్గరి చుట్టం లేదు.

శుక్రవారం నాలుగింటికి ఇద్దరూ బస్సులో మార్ష్ లేన్ చేరారు. ఎర్ర పుస్తకంలో ఆ పూట పేజీ ఇంట్లోనే రాసింది, చివరి వాక్యంతో సహా. తలుపు తీసింది లియాన్. మొహం నిండా గోధుమరంగు చుక్కలు, నవ్వు, ముందుకు పొడుచుకొచ్చిన కడుపు. సరిగ్గా రసెల్ చెయ్యి ఊగే ఎత్తులో ఉంది ఆ కడుపు. మార్లీన్ చూపు అక్కడే ఆగిపోయింది.

"రా రసెల్, రా రాజా! ఏం ఆంటీ, అలా ఉన్నారు? ఒంట్లో బాలేదా?"

"పర్లేదమ్మా. షీనా లేదా?"

షీనా ఐదేళ్ళుగా రసెల్‌ను చూస్తున్న మనిషి, స్కాట్లండ్ నుంచి వచ్చినావిడ, నలభయ్యేళ్ళుంటాయి. వాడికి ఉదయం టిఫిన్ ఎప్పుడూ ఆవిడే పెట్టేది.

"ఇవాళ మూడింటికే డ్యూటీ దిగిపోయింది. ఏం పర్లేదు, నేనూ రసెలూ ఉన్నాంగా. రాత్రికి సూపు, కరకరలాడే రొట్టె. నేనే కాల్చాను, సరేనా రసెల్?"

చెప్పు, చెప్పు అని లోపల ఎవరో అరుస్తున్నారు. "వాడికి... గట్టివి అంతగా..." అని మొదలుపెట్టింది. లోపలెక్కడో ఫోన్ మోగింది. లియాన్ "ఒక్క నిమిషం!" అంటూ రసెల్ చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు దానంతటదే మూసుకుంది. మార్లీన్ మూసిన తలుపు ముందు కాసేపు నిలబడి, బస్సెక్కి ఇంటికొచ్చేసింది. ఆ పని గురించి ఆమె ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేదు.

ఇంట్లో కెటిల్ పెట్టింది, తీసింది. చేపల దుకాణానికి వెళ్ళడానికి సంచి తీసుకుంది, పెట్టేసింది. గోడ గడియారం ఐదుంబావు. ఆరింటికి అక్కడ భోజనం. కరకరలాడే రొట్టె. ఇక ఆగలేక మార్ష్ లేన్‌కు ఫోన్ చేసింది. ఎవరో మాట్లాడుతున్నారని కూత వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే కూత. ఐదుసార్లు చేసింది, ఐదుసార్లూ అదే. అంబులెన్స్‌కు చేస్తున్నారు! ఇంకెవరికి చేస్తారు? ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాతి బస్సు ఐదు నలభైకి. తలుపు తాళం కూడా వెయ్యకుండా, అరిగిన మోకాళ్ళతో సముద్రపు రోడ్డు పట్టుకుని నడక, నడకా కాదు పరుగూ కాదు, మొదలుపెట్టింది. నోట్లోంచి "కొట్టకు నాన్నా, కొట్టకు" అని అదేపనిగా వస్తోంది.

లైఫ్‌బోట్ షెడ్డు దాటగానే ఎదురుగా వస్తున్న చిన్న పచ్చకారు కీచుమని ఆగింది. దాంట్లోంచి షీనా దిగింది, ఇంటి చెప్పులతో, తడి జుట్టుతో.

"మార్లీన్! మీకే పది నిమిషాల్నుంచి చేస్తున్నా, మీ ఫోన్ ఖాళీ లేదు. మార్ష్ లేన్ కూడా కలవట్లేదు, ఆ ముండ ఫోన్ ఎవరో సరిగ్గా పెట్టలేదు కాబోలు. అందుకే మీ ఇంటికే బయల్దేరా."

"ఏమైంది? ఎవరికేమైంది?"

"ఏం కాలేదు ఇంకా! లియాన్‌ని ఒంటరిగా వేశారని ఇప్పుడే తెలిసింది. మీకో మాట చెప్పాలి. చెప్పనందుకు మీరు నన్ను తిట్టినా సరే..."

"నేనే నీకో మాట చెప్పాలి తల్లీ..."

"వాడు నన్ను కొడుతున్నాడు," అన్నారు ఇద్దరూ.

షీనా చొక్కా చెయ్యి పైకి మడిచింది. మార్లీన్ స్వెట్టర్ చెయ్యి పైకి తోసింది. నీలం మచ్చలు, పసుపు మచ్చలు, ఐదేసి వేళ్ళు. దొందూ దొందే.

"ఎప్పట్నుంచి?"

"మార్చి."

"నాక్కూడా మార్చే. ఉదయం పూట, టోస్ట్ దగ్గర."

"మరి బంగారమని రాశావు పుస్తకంలో!"

"మీరు రాయలేదూ?" అంది షీనా. "నిజం రాస్తే మీ రాత్రులు పీకేస్తారని భయమేసింది. మీరు ఆ రెండు రాత్రుల మీదే నిలబడ్డారని నాకు తెలుసు. మీరు కూలిపోతే వాడెక్కడికి పోతాడు? ఉదయం వాడికి టిఫిన్ పెట్టేది నేనొక్కదాన్నే కదా, నేనే ఓర్చుకుందాం అనుకున్నా. ఎక్కండి ముందు, తర్వాత ఏడుద్దాం."

ఆరు కావడానికి నాలుగు నిమిషాలుండగా కారు మార్ష్ లేన్ చేరింది. షీనా దగ్గర తాళం చెవి ఉంది. నడవలో బల్ల మీద ఫోన్ రిసీవర్ పక్కకు పడి ఉంది. వంటింటి తలుపు తెరిచే ఉంది. లియాన్ రసెల్ పక్కనే కుర్చీలో కూర్చుని సూపు చల్లారుస్తోంది. రసెల్ చేతిలో రొట్టె. కొరికాడు. చెయ్యి లేచింది.

"రసెల్!" మార్లీన్ కేక వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. లియాన్ ఉలిక్కిపడి రెండు చేతులూ కడుపుకు అడ్డం పెట్టుకుంది.

చెయ్యి దిగింది. దిగింది వాడి ఎడమ చెంప మీదే. పిడికిలితో కొట్టుకున్నాడు. మళ్ళీ కొట్టుకున్నాడు. గొంతులోంచి సన్నటి మూలుగు వచ్చింది. కళ్ళు తల్లిని చూస్తున్నాయి.

ముందు మాట్లాడింది లియాన్, అన్నీ కొత్తగా చూస్తున్న మనిషి.

"పంటి నొప్పి కదూ? మా తాతయ్య మాట పడిపోయాక అచ్చం ఇలాగే కొట్టుకునేవాడు. ఎన్నాళ్ళైంది వీడికి?"

గట్టి రొట్టె, చల్లటి రసం, బ్రష్షు. ఇంట్లో జరిగింది మార్లీన్‌కు తెలుసు, ఇక్కడ జరిగింది షీనాకు తెలుసు. రెండూ ఒక్క పేజీలో పక్కపక్కన రాసుంటే చంటిపిల్లలకైనా అర్థమయ్యేది. రాయలేదు. నోట్లో నాలుక లేనివాడు ఐదు నెలలుగా తనకున్న ఒక్క నాలుకతో, అంటే చేత్తో, తనను ప్రేమించే ఇద్దరికీ చెప్తూనే ఉన్నాడు. ఆ ఇద్దరూ ఒకరికొకరు బంగారమని రాసుకున్నారు.

మరుసటి వారం ఆస్పత్రిలో మత్తిచ్చి చూశారు. ఎడమవైపు చివరి దంతం పుచ్చి, కింద చీము ఎముక దాకా పాకింది. రెండు పళ్ళు తీశారు. పళ్ళ డాక్టరమ్మ కాగితాల్లోంచి తలెత్తి, "ఇది మనబోటి వాళ్ళకైతే రెండ్రోజులు కూడా ఓర్చుకోలేం," అంది. తిట్టాలని అనలేదు. మార్లీన్ ఆస్పత్రి బాత్రూంలో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ తర్వాతి సోమవారం గారెత్‌కు తనే ఫోన్ చేసింది. "ఏడో ప్రశ్నకి నేను అబద్ధం రాశాను బాబూ," అని మొదలుపెట్టి అంతా చెప్పేసింది.

"కొట్టే బిడ్డ తల్లికి ఊరట తీసేస్తారని ఎవరు చెప్పారండీ మీకు?" అన్నాడు గారెత్. తర్వాత అతనే నిట్టూర్చాడు. "లేదు, అలా అనకూడదు. అక్కడక్కడా జరిగింది. కాదనను. భారం పెరిగితే ఊరట పెంచాలని చట్టం చెప్తుంది. కానీ చట్టం ఎవరి తలుపూ తట్టదుగా. నేను రాస్తాను. గట్టిగా రాస్తాను. నిర్ణయం మాత్రం నాది కాదు."

"వాణ్ణి తీసుకెళ్ళిపోతారా?"

"తీసుకెళ్ళకుండా చూడ్డానికే రాస్తున్నా. షీనా గారి మాట కూడా జతచేస్తా. మీరొక్క పని చెయ్యండి. ఇకమీదట నాతో పర్లేదు అనకండి."

పదిహేడు రోజులు ఆగాల్సి వచ్చింది. రోజూ తపాలా మనిషి అడుగుల చప్పుడుకు ఆమె గుండెల్లో రైళ్ళు పరిగెత్తేవి. జానిస్ వచ్చి, "చెప్పొద్దన్నానా, చెప్పొద్దన్నానా," అని తిట్టి, మళ్ళీ తనే టీ పెట్టి, ఆమె పక్కన కూర్చుని పోయేది. పద్దెనిమిదో రోజు ఉత్తరం వచ్చింది. రసెల్ ఇంట్లోనే ఉంటాడు. నెలకు మూడు రాత్రులు, మార్ష్ లేన్‌లో ఎప్పుడూ ఇద్దరు తోడు, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూస్తారు. ఆర్నెల్ల తర్వాత ఏమంటారో ఎవరికీ తెలీదు. మార్లీన్ ఉత్తరాన్ని టీ డబ్బా కింద పెట్టి, ఎన్నో నెలల తర్వాత స్వెట్టర్ విప్పి మేకుకు తగిలించింది.

కథ ఇక్కడ ఆపేస్తే మీకూ నాకూ బాగుండేది.

మంగళవారం చెత్తబండి వచ్చింది. రసెల్ గేటు దగ్గర చెయ్యెత్తాడు, బండి హారన్ కొట్టింది. నొప్పి పోయిన మొహంతో, వాపు తగ్గిన బుగ్గతో వాడు వెనక్కి తిరిగి తల్లి దగ్గరికొచ్చాడు. అరచెయ్యి ఆమె చెంప వైపు చాచాడు, ఎప్పట్లాగే.

మార్లీన్ బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది. మోచెయ్యి దానంతటదే మొహానికి అడ్డం వచ్చింది.

రసెల్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమెను చూశాడు. ఆ చేతిని చూసుకున్నాడు. నెమ్మదిగా దాన్ని వీపు వెనక్కి దాచుకున్నాడు.

పన్నైతే పీకేశారు. భయం పన్ను కాదు. ఆమె అక్కడే, గేటు దగ్గర, వీధిలో అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే వాడి వీపు వెనక నుంచి ఆ చేతిని బలవంతంగా బయటికి లాగి, తన చెంపకు ఆనించుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. వదల్లేదు.

శుక్రవారం కొత్త ఎర్ర పుస్తకంలో మొదటి పేజీ రాసింది. మందులు, భోజనం, నిద్ర. చివరి వాక్యం దగ్గర చాలాసేపు కలం ఆగింది. తర్వాత ఇలా రాసింది: "మంగళవారం రసెల్ నా చెంప మీద చెయ్యి వేయబోయాడు. నేను బెదిరిపోయాను. వాడు చెయ్యి దాచుకున్నాడు. షీనా, ఈసారి వాడు నీ దగ్గరికి చెయ్యి చాస్తే, నీకు భయమేసినా సరే, వెనక్కి జరగకు."